ఢిల్లీ నుంచి ఒక్కరోజు ఆగ్రా: ప్రైవేట్ గైడ్ టూర్ మీద అపోహలు - వాస్తవాలు

ప్రైవేట్ టూర్ అనగానే కారూ గైడూ తాజ్‌మహలూ మన చెప్పుచేతల్లోకి వచ్చేసినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ డబ్బుకి వచ్చేది ఒక్కటే: ఏ గంట ఎక్కడ గడపాలో మీరే తేల్చుకునే వీలు. క్యూలు, తనిఖీలు, మూసే వేళలు అందరికీ ఒకటే. ఈ తేడా తెలియక వేసుకున్న ప్లాన్లే ఎక్కువగా బెడిసికొడతాయి.

అపోహ: శుక్రవారమైనా గైడు ఉంటే ఎలాగోలా లోపలికి తీసుకెళ్తాడు

తీసుకెళ్లలేడు. శుక్రవారం తాజ్‌మహల్ సందర్శకులకు మూసి ఉంటుంది. మధ్యాహ్నం నమాజుకు వచ్చే స్థానికులను మాత్రమే పంపిస్తారు. ఫ్లైట్ టికెట్లు కొనేశాక ఈ సంగతి తెలిసినవాళ్లు ఆగ్రా కోట, ఇత్మాద్-ఉద్-దౌలా సమాధి, సికంద్రాలోని అక్బర్ సమాధి, ఫతేపూర్ సిక్రీ చూడొచ్చు. అవన్నీ శుక్రవారం తెరిచే ఉంటాయి. తాజ్‌ని యమునకు అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్ నుంచి చూసి సరిపెట్టుకోవాలి. ఢిల్లీలో ఎర్రకోటకు సెలవు సోమవారం. ఈ రెండు సెలవు రోజులూ చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.

అపోహ: తాజ్, కోట, ఫతేపూర్ సిక్రీ, సికంద్రా, వీలైతే మథుర కూడా ఒక్కరోజులో అయిపోతాయి

లెక్క వేసి చూద్దాం. ఢిల్లీలో ఉదయం 5కి కారెక్కితే ఆగ్రా చేరేసరికి 9 అవుతుంది. పార్కింగ్, బ్యాటరీ బండి, తనిఖీ కలిపి ముప్పావు గంట. సెలవు రోజైతే ఇంకా ఎక్కువే పడుతుంది. లోపల హడావుడి లేకుండా రెండు గంటలు. బయటికొచ్చి భోంచేసేసరికి ఒంటిగంట. కోటకు గంటన్నర నుంచి రెండు గంటలు. మూడున్నరకి ఇత్మాద్-ఉద్-దౌలా, అక్కణ్నుంచి మెహతాబ్ బాగ్‌లో సూర్యాస్తమయం. ఆరింటికి బయలుదేరితే ఢిల్లీలో రాత్రి 10. ఇందులో ఎక్కడా ఖాళీ లేదని గమనించారా?

ఫతేపూర్ సిక్రీ ఆగ్రాకు పడమరగా 40 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. రానూపోనూ రెండు గంటలు, చూడటానికి రెండు గంటలు. అంటే కోటనీ ఇత్మాద్-ఉద్-దౌలానీ వదులుకుంటేనే అది పడుతుంది. ఆగ్రా నుంచి జైపూర్ వెళ్లేవాళ్లకు ఎలాగూ దారిలోనే తగులుతుంది కాబట్టి ఆ రోజుకి ఉంచుకోవడం మేలు. మథుర, బృందావనాల్లో గుళ్లు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు. తాజ్ చూసి అటు పరుగెత్తినవాళ్లు తలుపుల ముందు కూర్చోవాల్సి వస్తుంది.

చూసే వరసలో ఒక కిటుకు ఉంది. ఇత్మాద్-ఉద్-దౌలా, మెహతాబ్ బాగ్ రెండూ యమునకు ఎడమ ఒడ్డున ఉన్నాయి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి కలిసేదీ ఆ వైపునే. తాజ్, కోట ముందు చూసేసి ఈ రెండింటినీ చివర పెట్టుకుంటే తిరుగు ప్రయాణానికి మళ్లీ ఊరి ట్రాఫిక్‌లో వంతెన దాటే పని ఉండదు. సికంద్రా పాత మథుర రోడ్డు మీద ఉంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద వచ్చేవాళ్లకు అది దారికాని దారి.

అపోహ: ఆగ్రాకు ఢిల్లీ నుంచే వెళ్లాలి

మనవాళ్లు చాలామంది హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, మర్నాడు 200 కిలోమీటర్లకు పైగా వెనక్కొచ్చి ఆగ్రా చూస్తారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ చేరడానికి ముందే ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. అక్కడే దిగి, తాళం వేసిన సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి, కారునీ గైడునీ ఆగ్రాలోనే మాట్లాడుకుంటే ఎనిమిది గంటల రోడ్డు ప్రయాణం తప్పుతుంది. సాయంత్రం రైల్లో ఢిల్లీ వెళ్లిపోవచ్చు.

ఢిల్లీలోనే ఉన్నవాళ్లకు కూడా కారు కన్నా రైలే నయం. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ సుమారు 100 నిమిషాల్లో ఆగ్రాలో దించుతుంది. శుక్రవారం అది నడవదు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచుకు రైళ్లు కూడా గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో ఒక్కరోజు ప్రయాణం ఎలా పెట్టుకున్నా జూదమే, రాత్రికి ఆగ్రాలో ఉండిపోవడం మంచిది.

అపోహ: సూర్యోదయానికి చూస్తేనే తాజ్ చూసినట్టు

తాజ్‌ను సూర్యోదయానికి అరగంట ముందు తెరుస్తారు, సూర్యాస్తమయానికి అరగంట ముందు మూస్తారు. పొద్దున్నే జనం తక్కువ, అది నిజమే. కానీ నడి చలికాలంలో పొద్దున్నే వెళ్తే పొగమంచులో గుమ్మటం కూడా కనిపించని రోజులుంటాయి. దానికోసం ఢిల్లీలో రాత్రి రెండింటికి లేచి మంచులో కారు తోలించడం ప్రమాదం కూడా. అక్టోబరు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే సూర్యోదయం కోసం శ్రమ పడొచ్చు.

తాజ్ ముఖద్వారం దక్షిణం వైపు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి తిరుగుతాడు కాబట్టి తొమ్మిది, పది గంటలకు కూడా ముందువైపు చక్కని వెలుగు పడుతుంది. అదే కాలంలో మెహతాబ్ బాగ్ నుంచి చూసేది ఉత్తరపు ముఖం, నీడలో ఉంటుంది. అక్కడ సాయంత్రం దొరికేది నీడబొమ్మ లాంటి ఫొటోయే. ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

వెన్నెల్లో తాజ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పౌర్ణమి రాత్రి, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులు అనుమతిస్తారు. శుక్రవారాలు, రంజాన్ నెల ఉండదు. జట్టుకు 50 మంది, సమయం అరగంట. సమాధి దగ్గరికి పోనివ్వరు, ప్రధాన ద్వారం దగ్గరి ఎర్రరాతి అరుగు మీంచే చూడాలి. ఒక్కరోజు ప్రయాణంలో ఇది ఇమడదు.

అపోహ: ప్రైవేట్ టూర్ అంటే కారు గేటు దాకా వెళ్తుంది, క్యూ ఉండదు

తాజ్ చుట్టూ 500 మీటర్ల లోపలికి పెట్రోలు, డీజిలు బండ్లను రానివ్వరు. తూర్పు వైపు శిల్పగ్రామ్ దగ్గర దిగి బ్యాటరీ బండెక్కాలి, లేదా నడవాలి. ప్రవేశం తూర్పు, పడమర గేట్ల నుంచే. తనిఖీకి ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు వేరు వరసలు. గైడు మీకు సరైన వరస చూపించగలడు గానీ దాటించలేడు.

ఆలస్యం ఎక్కువగా సంచుల వల్లే. తినుబండారాలు, చూయింగ్ గమ్, గుట్కా, సిగరెట్లు, అగ్గిపెట్టె, లైటరు, చాకు, ట్రైపాడ్, పెద్ద బ్యాగు ఉంటే వెనక్కి పంపి లాకర్‌లో పెట్టి రమ్మంటారు. అక్కణ్నుంచి వరస మళ్లీ మొదలు. ఫోను, నీళ్ల సీసా, మందులు చాలు. ఒక గేటు లాకర్‌లో సామాను పెట్టి ఇంకో గేటు నుంచి బయటికొస్తే మళ్లీ చుట్టూ తిరగాలి. మధ్యాహ్నం ఎండలో అది చిన్న శిక్ష కాదు.

అపోహ: టికెట్ ఒకటే, అమెరికా నుంచి వచ్చినవాళ్లంతా 1,100 కట్టాల్సిందే

ప్రవేశానికి భారతీయులకు 50 రూపాయలు, విదేశీయులకు 1,100. పాలరాతి వేదిక ఎక్కి సమాధి లోపలికి వెళ్లాలంటే అందరూ ఇంకో 200 కట్టాలి. ఆ 200 కట్టనివాళ్లు తోట, కింది అరుగు చూసి వచ్చేయాలి. ఇంటిల్లిపాదీ వెళ్లి వేదిక మెట్ల దగ్గర ఆగిపోవడం తరచూ జరిగేదే. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. టికెట్ మూడు గంటల వరకే చెల్లుతుంది. ధరలు మారుతుంటాయి, వెళ్లేముందు భారత పురావస్తు సర్వే సంస్థ సైటులో చూసి అక్కడే కొనుక్కోండి.

విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ముఖ్యమైన సంగతి: భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు భారతీయుల ధరే కట్టాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంటే జాతీయ కట్టడాల ప్రవేశ రుసుములో భారతీయులతో సమానమే. అసలు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్లో ఫొటో చూపించి వాదించడం వృథా. టూర్ వాళ్లు విదేశీ ధర వేసి ప్యాకేజీ చెబితే ఈ మాట అడగండి, తలకి వెయ్యికి పైగా తేడా.

అపోహ: డ్రైవరే గైడు, లేదంటే గేటు దగ్గర ఎవరో ఒకరు దొరుకుతారు

డ్రైవరు దారిలో కబుర్లు చెప్పగలడు. కట్టడం లోపల చూపించడానికి కేంద్ర పర్యాటక శాఖ గానీ రాష్ట్ర పర్యాటక శాఖ గానీ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ఉండాలి. దాని మీద గడువు తేదీ చూడండి. గేట్ల దగ్గర చుట్టుముట్టేవాళ్లను ఆగ్రాలో లప్కాలంటారు. "మీ డ్రైవరే పంపాడు", "ఆ గేటు ఇవాళ మూసేశారు, ఇటు రండి" అన్నవి వాళ్ల పాఠాలు. ఫతేపూర్ సిక్రీలో ఇది మరీ ఎక్కువ. అక్కడ దర్గా, మసీదు భాగానికి టికెట్ లేదు, రాజప్రాసాదాల భాగానికి ఉంది. "నేను దర్గా మనిషిని, డబ్బులొద్దు" అంటూ మొదలుపెట్టినవాడు దర్గా మీద కప్పే చాదర్ల దుకాణం దగ్గర తేల్చుకుంటాడు.

తెలుగులో చెప్పే గైడు దొరకడం అరుదు. హిందీ, ఇంగ్లీషు గైడులు పుష్కలం. పెద్దవాళ్లకు హిందీ రాకపోతే ఇంట్లో ఒకరు అనువదించాలి, అందుకు సమయం కలుపుకోండి.

అపోహ: గైడు చెప్పే చరిత్రంతా చరిత్రే

తాజ్ కట్టిన పనివాళ్ల చేతులు షాజహాన్ నరికించాడన్న కథ ప్రతి బృందమూ వింటుంది. ఆనాటి ఏ రచనలోనూ దానికి ఆధారం లేదు. తాజ్ ప్రధాన వాస్తుశిల్పిగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీయే, తాజ్ ప్రాంగణంలో పని సాగుతుండగానే, 1639లో మొదలైన ఢిల్లీ ఎర్రకోటకూ పనిచేశాడు. కట్టించుకునే పని ఇంకా ఉన్న పాదుషా పనివాళ్ల చేతులు ఎందుకు నరుక్కుంటాడు?

షాజహాన్ తనకోసం యమునకు అవతల నల్ల తాజ్ కట్టాలనుకున్నాడన్న కథకు మూలం ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాతలు. 1990లలో మెహతాబ్ బాగ్‌లో జరిగిన తవ్వకాల్లో బయటపడింది తోట, ఎనిమిది పలకల కొలను. అక్కడి నల్ల రాళ్లు కాలం గడిచి నల్లబడిన తెల్ల పాలరాళ్లు. "షాజహాన్ సమాధి మధ్యలో లేదు, పక్కన ఇరికించారు, కాబట్టి తనకి వేరే కట్టుకోవాలనుకున్నాడు" అని గైడులు వాదిస్తారు. దీనికి జవాబు ఇత్మాద్-ఉద్-దౌలాలో ఉంది. నూర్జహాన్ 1622, 1628 మధ్య తల్లిదండ్రులకు కట్టించిన ఆ సమాధిలో ముందు చనిపోయిన తల్లి అస్మత్ బేగం మధ్యలో, తండ్రి మీర్జా గియాస్ బేగ్ (ఇత్మాద్-ఉద్-దౌలా ఆయన బిరుదే) పక్కన ఉన్నారు. తాజ్‌లోనూ అదే అమరిక: ముంతాజ్ 1631లో బుర్హాన్‌పూర్‌లో చనిపోయింది, షాజహాన్ 1666లో. ఒక్కరోజులో మూడో కట్టడంగా ఇత్మాద్-ఉద్-దౌలానే ఎంచుకోమనడానికి ఇదొక కారణం. పాలరాతిలో రంగురాళ్లు పొదిగిన పని తాజ్ కన్నా ముందు ఇక్కడే అంత విరివిగా కనిపించడం రెండోది.

గైడులు చెప్పేవన్నీ కల్లలనీ కాదు. పైన కనిపించేవి ఉత్త గుర్తులే, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయన్నది నిజం. ద్వారం చుట్టూ రాసిన అక్షరాలు పైకి పోయేకొద్దీ పెద్దవవుతాయన్నదీ, మీనార్లు కాస్త బయటికి వాలి ఉన్నాయన్నదీ నిజమే.

ఢిల్లీ ప్యాకేజీల్లో కుతుబ్ మీనార్‌ని మొఘలుల జాబితాలో వేస్తారు. దాని పని మొఘలుల కన్నా మూడు శతాబ్దాలు ముందే మొదలైంది. మన చార్మినార్ (1591) కూడా మొఘలులది కాదు, కుతుబ్‌షాహీలది. ఢిల్లీ దాటే తీరిక లేనివాళ్లు మొఘల్ పని చూడాలంటే హుమాయూన్ సమాధికి వెళ్లాలి.

అపోహ: గైడు తీసుకెళ్లే దుకాణం ప్రభుత్వానిది, తాజ్ కట్టినవాళ్ల వారసులది

ఆ ఆపు కమీషన్ కోసం. పాలరాతి పని చేసి చూపించడం ముచ్చటగానే ఉంటుంది గానీ గంట పోతుంది. బుక్ చేసేటప్పుడే "దుకాణాల ఆపు వద్దు" అని రాతపూర్వకంగా తీసుకోండి. కొనాలనే ఉంటే రెండు పరీక్షలు: మక్రానా పాలరాయి పలచటి పళ్లెం వెనక ఫోన్ టార్చ్ పెడితే వెలుగు ఇవతలికి వస్తుంది. పాలరాయని అంటగట్టే బలపం రాయి అయితే తాళంచెవితో అడుగున గీస్తే సులువుగా గీత పడుతుంది. పేఠాకి మోసం భయం తక్కువ, అది బూడిద గుమ్మడికాయ మిఠాయి. ఊరికి తీసుకెళ్లాలంటే పాకం కారే రకం కాకుండా పొడిది కొనండి.

అపోహ: చెప్పిన రేటులో అన్నీ ఉంటాయి

టోల్, ఉత్తరప్రదేశ్ ప్రవేశ పన్ను, పార్కింగ్, డ్రైవర్ బత్తా, గైడు రుసుము, టికెట్లు: ఈ ఆరూ ఒక్కొక్కటిగా అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. బండికి పసుపు నంబర్ ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు కారు అద్దెకు తిప్పుతూ ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు. వేసవిలో అరిగిన టైర్లు అక్కడ పేలడం మామూలే, ఎక్కేముందు టైర్లు చూడండి. కార్లకు వేగ పరిమితి 100, పొగమంచు కాలంలో 75కి తగ్గిస్తారు.

అన్నిటికన్నా ఎక్కువగా మర్చిపోయేది డ్రైవర్ నిద్ర. ఉదయం 5కి మీకోసం వచ్చినవాడు మూడింటికే లేచి ఉంటాడు, రాత్రి 10కి మిమ్మల్ని దింపాలి. మీరు తాజ్‌లోనూ కోటలోనూ ఉన్న గంటల్లో అతనికి పనులు పురమాయించకండి. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకండి. మధ్యదారిలో ఒకసారి టీకి ఆపించండి.