ఉల్లికోడు నుంచి చోడి (రాగి) దాకా: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం పరిశోధన స్థానాల వెనుక కథ

1986 ప్రాంతంలో శ్రీకాకుళం జిల్లా వరి రైతులకు పెద్ద దెబ్బ తగిలింది. ఉల్లికోడు అనే పురుగును తట్టుకుంటుందని నమ్మి ఏళ్ల తరబడి వేస్తున్న ఫల్గుణ రకానికే ఉల్లికోడు పట్టింది. ఈ పురుగు పిలక మొవ్వులో చేరి తింటుంది. ఆకు రావాల్సిన చోట ఉల్లికాడ లాంటి గొట్టం వస్తుంది. ఆ పిలకకు ఇక వెన్ను ఉండదు. దుబ్బులో సగం పిలకలు అలా పోతే రైతుకు దక్కేది గడ్డే. ఇందులో విత్తనం తప్పు లేదు, రైతు తప్పు అంతకన్నా లేదు. పురుగే మారిపోయింది. ఉత్తరాంధ్రలో బయటపడిన ఈ కొత్త రూపానికి శాస్త్రవేత్తలు ఉల్లికోడు నాలుగో బయోటైపు అని పేరు పెట్టారు. వేరే ప్రాంతాల్లో ఫల్గుణ తట్టుకున్న పురుగు ఒకటి, ఇక్కడి పురుగు ఇంకొకటి.

రాష్ట్రానికి ఒక పెద్ద వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది కదా, జిల్లాకో పరిశోధన స్థానం ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇదే. ఇక్కడి పురుగును తట్టుకునే వరిని ఇక్కడే, ఆ పురుగు మధ్యే పెంచి తేల్చుకోవాలి. శ్రీకాకుళం పక్కనున్న రాగోలు స్థానం చేస్తున్న పని అదే. ఆర్‌జీఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే వరి రకాలు అక్కడ పుట్టినవే. వాటిలో జనం నోట నిలిచింది ఆర్‌జీఎల్ 2537, అంటే శ్రీకాకుళం సన్నాలు. వంశధార, నాగావళి ఆయకట్టులో కూడా నీరు ఒకేలా అందదు. కాలువ మొదట్లో దమ్ము చేసి నాట్లు వేస్తే, చివరి భూముల్లో చాలామంది తొలకరికే పొడి దుక్కిలో వెదజల్లి వాన కోసం చూస్తారు. గోదావరి డెల్టాను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన సలహా ఈ భూములకు సగమే సరిపోతుంది.

అసలు ఈ వైపు పరిశోధన మొదలైంది తిండిగింజలతో కాదు, చెరకుతో. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1913లో అనకాపల్లిలో స్థానం పెట్టారు. చెరకు, బెల్లం దాని పని. వరికి పశ్చిమ గోదావరిలోని మార్టేరు స్థానం 1925లో వచ్చింది. స్వర్ణ మొదలుకొని ఉత్తరాంధ్ర రైతులు వేసే ఎంటీయూ రకాలన్నీ అక్కడివే. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, స్థానాలు దాని కిందికి వచ్చాయి. తర్వాత 1979లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టు మొదలుపెట్టింది. నేల, వాన, పంటల తీరును బట్టి రాష్ట్రాలను సాగు మండలాలుగా (జోన్లుగా) విడదీసి, ఒక్కో మండలానికి ఒక ప్రాంతీయ కేంద్రం పెట్టడం దాని ఉద్దేశం. అలా ఉత్తర కోస్తాకు అనకాపల్లి పెద్ద దిక్కయింది. రాగోలులో వరి, ఆమదాలవలసలో నార పంట గోగు, విజయనగరంలో చోడి అని పని పంచుకున్నారు.

గోగు కథ బాధ కలిగించేది. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతి కావడంతో ఇక్కడి గోగునారకు బిమ్లీ జనుము (బిమ్లీ జ్యూట్) అని ప్రపంచ వ్యాపారంలో పేరు. 1947లో దేశం విడిపోయినప్పుడు జనుము పండే పొలాల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌లోకి పోయాయి, మిల్లులు కలకత్తా చుట్టూ మిగిలాయి. ఆ లోటు పూడ్చడానికి గోగు విస్తీర్ణం పెంచారు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం చుట్టూ మిల్లుల మీద ఎన్నో కుటుంబాలు బతికాయి. ఆమదాలవలస స్థానం ఏఎంవి పేరుతో మంచి రకాలే ఇచ్చింది. కానీ ప్లాస్టిక్ సంచి వచ్చింది. గోగు కట్టలు ఊరవేయడానికి చెరువుల్లో నీళ్లు కరువయ్యాయి. మోకాలి లోతు కుళ్లు నీళ్లలో నిలబడి నార తీసే పనికి కూలీలు దొరకడం కష్టమైంది. మిల్లులు ఒకటొకటిగా తడబడ్డాయి. గరువుల్లో (మెట్ట భూముల్లో) గోగు పోయి మొక్కజొన్న వచ్చింది. రకం ఎంత బాగున్నా నార తీసే దారి, కొనే మిల్లు లేకపోతే రైతు ఆ పంటను మోయలేడు. ఈ సంగతి చోడి విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

మిగతా చోట్ల రాగి అనేదే మనకు చోడి. ఉత్తరాంధ్రలో పొద్దున్నే చోడి అంబలి తాగి పొలం వెళ్లిన తరాలు ఎన్నో. వరిలాగే నారు పోసి ఊడ్చే అలవాటు ఇక్కడ ఉంది, కొండ వాలుల్లో వెదజల్లుతారు. పాత రకాలను తక్కువగా చూడకూడదు. ఎన్నో రాష్ట్రాలకు పాకిన పీఆర్ 202 రకాన్ని పెద్దాపురం శాస్త్రవేత్తలు అరకు లోయ మెట్టచోడి నుంచే ఏరి తీశారు. గిరిజన రైతులు తరతరాలుగా దాచిన గింజే దానికి మూలం. ఆ రైతులకు దక్కాల్సిన గుర్తింపు ఇప్పటికీ దక్కలేదని నా అభిప్రాయం.

చోడికి ప్రధాన శత్రువు అగ్గి తెగులు. ఆకు మీద మచ్చగా మొదలై మెడ విరుపుగా, వెన్ను తెగులుగా మారితే గింజ తాలు పోతుంది. విజయనగరం స్థానం దృష్టి పెట్టింది దీని మీదా, పంట కాలం మీదా. వీఆర్ అక్షరాలతో వచ్చే రకాలు ఇక్కడివి. 1998లో వచ్చిన చంపావతి త్వరగా కోతకు వస్తుంది, వాన ముందే ముఖం చాటేసినా గింజ ఇంటికి చేరుతుంది. తర్వాత భారతి, 2009లో శ్రీచైతన్య వచ్చాయి. హిమ తెల్ల చోడి, నల్లటి పిండిని ఇష్టపడని ఇళ్లకూ తినుబండారాలు చేసేవాళ్లకూ పనికొస్తుంది.

2020లో వచ్చిన రెండు రకాలు మరీ ముఖ్యం. వేగవతి (వీఆర్ 929)లో కిలోకు 131.8 మిల్లీగ్రాముల ఇనుము ఉంది, మామూలు రకాల్లో ఉండేది 25 దాకానే. ఇంద్రావతిలో వంద గ్రాములకు 428 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆ ఏడాది అక్టోబరు 16న ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక రకాల్లో ఇంద్రావతి ఒకటి. రక్తహీనతతో నీరసించే గర్భిణులు ఉన్న మన్యం పక్కనే ఈ గింజ తయారైందంటే, దాన్ని ముందుగా తినాల్సిందీ వాళ్లే.

ఇలాంటి రకం ఒక్క రోజులో రాదు. స్థానం పొలంలో నెగ్గాక వేర్వేరు కేంద్రాల్లో పరీక్షిస్తారు, ఆ తర్వాత చిన్న సంచుల్లో మినీకిట్లుగా రైతులకు ఇస్తారు. రైతు తన నేలలో, తన ఎరువుతో పండించి, ఇంట్లో వండుకు తిని చెప్పే మాట కూడా విడుదలకు లెక్కే. ఏరువాక కేంద్రాలు, ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మధ్యవర్తి పని చేస్తాయి. నాకు ఈ దశే అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. రైతు వద్దన్న రకం కాగితం మీదే ఉండిపోతుంది.

అయితే రకాలు మెరుగయ్యే కొద్దీ చోడి పొలాలు తగ్గుతూ వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేద ఇంటి పొయ్యి మీద అన్నం నిలిచింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పు పట్టలేం. కానీ అదే ధరకు, అదే రేషన్ డిపోలో చోడి కూడా పెట్టి ఉంటే అంబలి ఇంత త్వరగా వెనక్కి పోయేది కాదు. ఇప్పుడు షుగర్ భయంతో పట్నం వాళ్లు చోడి పిండి వెతుక్కుంటున్నారు. మహిళా సంఘాలు మాల్టు, బిస్కెట్లు, జంతికలు చేసి అమ్ముతున్నాయి. వాళ్లకు కావాల్సింది రాళ్లూ మట్టీ లేని గింజ, ఒకే రంగు, ఏడాది పొడుగునా సరఫరా. అది రావాలంటే ఊళ్లో శుభ్రం చేసే యంత్రం, మర, గిడ్డంగి ఉండాలి. స్థానం ఇచ్చిన మూల విత్తనం సకాలంలో రైతు సేవా కేంద్రానికి చేరాలి.

2014లో రాష్ట్రం విడిపోయి, విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్ తెలంగాణకు పోయాక, విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంలో మళ్లీ నిలదొక్కుకోవాల్సి వచ్చింది. ఆ కాలంలో పని ఆగకుండా సాగినందునే వేగవతి వచ్చింది. 2025-26కు క్వింటాలు చోడికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 4,886 రూపాయలు, సాధారణ ధాన్యానికి 2,369. కాగితం మీద చోడిదే పైచేయి. కోత అయిన వారంలోనే ఆ ధరకు కొనే కేంద్రం పార్వతీపురం, సాలూరు, పాతపట్నం సంతలకు దగ్గర్లో తెరవడం ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పని.