ఎదుటివాళ్లకీ కళ్లుంటాయి

రామమూర్తినగర్, బెంగళూరు

చిన్నా, బుజ్జీ, ఇద్దరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి ఆఫీసు అవగానే రాత్రికి రాత్రే కారులో అనంతపురం వెళ్లిపోతారట, మీ అమ్మ చెప్పింది. ఫోన్లో ఏమైనా చెబితే "సరే పెద్దమ్మా, జాగ్రత్తగా వెళ్తాం" అని పెట్టేస్తారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. వెళ్లొద్దని చెప్పడానికి కాదు. నా ఉద్యోగమంతా కంటి ఆస్పత్రిలోనే గడిచింది కదా, రాత్రిపూట మన కన్ను ఏం చేయగలదో, దేనికి చేతులెత్తేస్తుందో కాస్త తెలుసు. లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

చీకట్లోకి రాగానే కంటిపాప పెద్దదవుతుంది. అది క్షణాల్లో అయిపోయే పని. కానీ కంటి వెనక ఉండే రెటీనా అనే పొరలో చీకట్లో చూడ్డానికి పనికొచ్చే కణాలు వేరే ఉంటాయి. అవి పూర్తిగా సిద్ధమవడానికి అరగంట దాకా పడుతుంది. అలా అలవాటు పడిన కంట్లోకి ఎదురుగా వచ్చే బండి హై బీమ్, అంటే దూరానికి పైకి కొట్టే లైటు, వేసిందనుకోండి, పాప చటుక్కున ముడుచుకుంటుంది. ఆ బండి దాటిపోయాక కూడా కొన్ని సెకన్లు ముందున్నదేదీ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టే. ఆ 50 మీటర్లలో వెనక లైటు లేని ట్రాక్టర్ ఉండొచ్చు, రోడ్డు దాటుతున్న మనిషి ఉండొచ్చు.

డిప్ చేయమని, అంటే లైటును కిందికి దించి లో బీమ్‌లో పెట్టమని, నేను పోరేది ఇందుకే. అదేదో ఎదుటివాడికి మనం చేసే ఉపకారం అనుకోకండి. కళ్లు కనిపించని మనిషి మీ వైపే దూసుకొస్తుంటే ఆ బాధ మీది కూడా. "అవతలివాడు దించలేదు, నేనెందుకు దించాలి" అంటాడు మీ బాబాయి. దించకపోతే ఏమవుతుంది? ఒకే చోట ఒకరు కాదు, ఇద్దరు గుడ్డివాళ్లవుతారు. ఒక్కసారి ఫ్లాష్ ఇచ్చి గుర్తు చేయండి, వినకపోతే వదిలేయండి. ఆ వెలుతురు వైపు చూడకుండా, కాస్త స్పీడు తగ్గించి, రోడ్డుకు ఎడమ అంచున ఉండే తెల్ల గీత పట్టుకుని పోండి. ముందు బండి వెనకాల వెళ్తున్నప్పుడు కూడా హై బీమ్ వద్దు. అతని అద్దాల్లోంచి అంతా అతని కళ్లలోకే కొడుతుంది. మీ వెనక అలాంటివాడు తగిలితే లోపలి అద్దం కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే వెలుతురు చల్లబడుతుంది.

మారతహళ్లి నుంచి హెబ్బాళ దాకా అవుటర్ రింగ్ రోడ్డు మీద వీధి దీపాలు ఉండగానే సగం కార్లు హై బీమ్‌లో పోతుంటాయి. ఎందుకో నాకిప్పటికీ అంతుబట్టదు. చాలామందికి అది వేసి ఉన్నట్టే తెలియదనుకుంటా. స్పీడోమీటర్ దగ్గర నీలం రంగు గుర్తు వెలుగుతుంటే హై బీమ్ ఉన్నట్టు. ఊళ్లో ఉన్నంతసేపూ ఆ నీలం గుర్తు కనిపించకూడదు.

ఇంకొకటుంది, చాలామంది డ్రైవింగ్ తెలిసినవాళ్లు కూడా పట్టించుకోరు. పండక్కి వెళ్లేటప్పుడు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను. బరువుకి వెనక భాగం దిగి, కారు ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు మీరు మర్యాదగా లో బీమ్‌లోనే ఉన్నా ఆ వెలుతురు ఎదుటివాళ్ల మొహాన కొడుతుంది. దీనికోసమే చాలా కార్లలో స్టీరింగ్‌కి కుడి పక్కన, కింద, 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అంకె పెంచితే లైటు కిందికి దిగుతుంది. అసలు కారులో అదొకటుందని తెలియకుండా ఏళ్ల తరబడి నడిపేవాళ్లున్నారు. బయట షాపులో తెల్లటి ఎల్ఈడీ బల్బులు వేయించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మామూలు బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్లో అవి పెడితే వెలుతురు రోడ్డు మీద కాకుండా నలుమూలలా చెదిరిపోతుంది.

రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్లజోళ్లు కూడా దండగ. ఏ రంగు అద్దమైనా కంటికి చేరే వెలుతురును తగ్గించేదే. ఆ డబ్బుతో నాలుగు మెత్తటి గుడ్డలు కొని విండ్‌షీల్డ్‌ని లోపలి వైపు తుడవండి. బయట అందరూ తుడుస్తారు. లోపల పట్టిన సన్నటి పొర పగలు కనిపించదు, రాత్రి లైటు పడగానే అద్దమంతా తెల్లగా పొగ కమ్మినట్టు అయిపోతుంది.

ముందు ఎవరో పెద్దాయన నెమ్మదిగా వెళ్తుంటే "అంకుల్ నిద్రపోతున్నాడా" అని హారన్ మోగించకండి. అరవై దాటిన కంట్లో లెన్స్ పసుపుబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ల కంట్లోకి వెళ్లే వెలుతురులో మూడో వంతు వెళ్తే గొప్ప. శుక్లం మొదలైతే ఒక్కో లైటూ నక్షత్రంలా చీలిపోయి కనిపిస్తుంది. ఆయన తనకు కనిపించినంత స్పీడులోనే పోతున్నాడు, అది తెలివైన పనే. పైగా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇళ్ల మధ్య హారన్ కొట్టకూడదని శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది.

మన ఊళ్లో ఇంకో విచిత్రం, జంక్షన్లో నేరుగా వెళ్లాలంటే నాలుగు ఇండికేటర్లూ వేయడం. పక్క రోడ్డు నుంచి వచ్చేవాడికి మీ బండి ఒక పక్కే కనిపిస్తుంది, అక్కడ ఒక ఇండికేటరే వెలుగుతుంటుంది. మీరు తిరుగుతున్నారనుకుని అతను ముందుకొచ్చేస్తాడు. నేరుగా వెళ్లడానికి ఏ లైటూ అక్కర్లేదు.

హెబ్బాళ దాటాక మీకు లారీలే తోడు. పగలు ఊళ్లో పెద్ద లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి వాటికి రాత్రే పగలు. లారీ ఇండికేటర్ వేసిందంటే ఓవర్‌టేక్ చేయమంటున్నాడో, తనే తిరుగుతున్నాడో ఎవరూ చెప్పలేరు. మీ కళ్లతో రోడ్డు చూశాకే కదలండి. దూరంగా ఒంటి లైటు కనిపిస్తే అది బైకే అని తేల్చేయకండి, ఒక లైటు పోయిన లారీ అనుకుని చోటు వదలండి. బైకే అయితే ఇంకా మంచిది, వాడికి కాస్త జాగా దొరికినట్టు.

నేషనల్ హైవే 44 మీద డివైడర్‌లో గుబురుగా గన్నేరు చెట్లున్న చోట అవతలి లైట్లు కంట్లో పడవు. అవి అందానికి మాత్రమే పెట్టినవి కావు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి దగ్గర చెట్లు లేని సందుల్లోంచి జనం రోడ్డు దాటుతుంటారు. ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి లో బీమ్‌లో 40 మీటర్ల దూరానికి కనిపిస్తే అదృష్టం. 60లో ఉంటే మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 25 మీటర్లు, ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 20. 80 అయితే మొత్తం 70 దాకా పోతుంది. లెక్క మీరే వేసుకోండి, ఇంజినీర్లు కదా. హైవే ఖాళీగా ఉందనుకున్నప్పుడు హై బీమ్ వేసుకోండి, దాని పని అదే. జనవరిలో తెల్లవారుజామున దేవనహళ్లి వైపు మంచు పడుతుంది. మంచులో మాత్రం హై బీమ్ వేస్తే ఆ వెలుతురంతా తిరిగి మన మొహానికే వస్తుంది.

నిద్ర సంగతి నైట్ డ్యూటీలు చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాత్రి 2 నుంచి 5 మధ్య ఒళ్లు దానంతటదే వాలిపోతుంది. కిటికీ దించినా, పాటలు పెట్టినా అది ఆగదు. ఆవలింతలు మొదలైతే దీపాలూ జనమూ ఉన్న పెట్రోల్ బంకులో ఆపి, కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ పనిచేయడానికి ఎలాగూ అంత టైం పడుతుంది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు మాత్రం నిద్రపోకూడదు. బుజ్జీ, ఇది నీకే.

దారిలో ఎక్కడైనా యాక్సిడెంట్ కనిపిస్తే 108కో 112కో ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు, వాళ్లను పేరు చెప్పమని బలవంతం చేయకూడదని ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఉంది. కాబట్టి పోలీసులంటే టెన్షన్ పెట్టుకోకండి.

ఆదివారం నేను మీ ఇంటికి వస్తాను. కారు బేస్‌మెంట్‌లో గోడకు ఎదురుగా పెట్టండి. వెనక సీట్లో మీ ఫ్రెండ్స్ ముగ్గురిని కూర్చోబెట్టి, గోడ మీద లైటు ఎంత ఎత్తున పడుతుందో, ఆ చక్రాన్ని ఏ అంకె మీద పెడితే దిగుతుందో చూద్దాం.

మీ పెద్దమ్మ