ఇంటి కుక్కతో బయటికి: ఆటిజం ఉన్న పిల్లల విషయంలో అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు తమంతట తాము చేసుకునేలా నేర్పే వైద్యం) చేస్తుంటాను. అటు పాతపట్నం నుంచి, ఇటు కాశీనగర్, గుణుపురం వైపు నుంచి తెలుగు కుటుంబాలు వస్తుంటాయి. ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న: "మేడం, కుక్కని పెంచితే మావాడు బాగవుతాడా?" ఎవరో ఫోన్‌కి వీడియో పంపి ఉంటారు. తండ్రి అప్పటికే కుక్కపిల్లకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు. మామ్మ మాత్రం ససేమిరా అంటుంది. ఇలా నా దగ్గరికి వచ్చే మాటల్లో ఏది నిజమో ఏది కాదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కుక్క వస్తే ఆటిజం తగ్గిపోతుంది.

వాస్తవం: తగ్గదు. ఆటిజం అంటుకునే రోగమో, మందుతో పోయే రోగమో కాదు. అది మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. ఈ ఆశ ఎక్కడ పుట్టిందంటే, 1962లో అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు ఒక వ్యాసం రాశాడు. ఎవరితోనూ కలవని పిల్లలు తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే కాస్త కుదుటపడటం గమనించి, దాన్ని తనతోపాటు వైద్యం చేసే తోడుగా వర్ణించాడు. గమనించండి, తోడు అన్నాడు. వైద్యుడి బదులు కుక్క చాలు అనలేదు.

2010లో కెనడాలో 42 మంది ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకి శిక్షణ పొందిన కుక్కల్ని ఇచ్చి చూశారు. పొద్దున్న నిద్ర లేచాక ఒంట్లో కార్టిసాల్ అనే, టెన్షన్‌కి సంబంధించిన హార్మోను ఒక్కసారి పెరుగుతుంది. కుక్క ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ పెరుగుదల బాగా తగ్గింది, కుక్కని వెనక్కి తీసుకెళ్లాక మళ్లీ పెరిగింది. అంటే టెన్షన్ మీద ప్రభావం ఉంది. నాకు పనికొచ్చేది అదే. టెన్షన్ తగ్గిన పిల్లవాడు గుమ్మం దాటడానికి ఒప్పుకుంటాడు. ఆ తర్వాత పని మనది.

కాబట్టి స్పీచ్ థెరపీ మానేసి ఆ డబ్బుతో లాబ్రడార్ కొనకండి. వైకల్య సర్టిఫికెట్ తీసుకోకపోతే ముందు అది చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది. ఇల్లు ఒడిశాలో, వైద్యం శ్రీకాకుళంలోనో విశాఖలోనో అన్నట్టుండే మన కుటుంబాలకి ఇది తెలిసి ఉండాలి.

అపోహ: వీడికి బయట పడదు. ఇంట్లో మూల కూర్చోవడమే వీడికి ఇష్టం.

వాస్తవం: నేను ఎక్కువసేపు మాట్లాడేది ఈ మాట గురించే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి శబ్దం, వెలుతురు, స్పర్శ, వాసన మనకి తగిలినట్టు తగలవు. కొన్ని మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా తగులుతాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన రోగనిర్ధారణ పుస్తకం) ఈ తేడాని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ఇప్పుడు మన వీధిని ఆ పిల్లవాడి వైపు నుంచి చూడండి. గేటు తీయగానే ఆటో హారన్. ఎండ కళ్లలో కొడుతుంది. తెలుగులో ఒకరు, ఒడియాలో ఇంకొకరు పేరడుగుతారు, మూడో ఆవిడ బుగ్గ గిల్లుతుంది. ఎంతసేపు నడవాలో, ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడు తిరిగి వస్తామో ఎవరూ చెప్పరు. వాడు రోడ్డు మీద కూలబడి ఏడిస్తే "మొండి" అంటారు. వాడికి చెట్లంటే, గాలంటే పడక కాదు. తరవాత ఏం జరుగుతుందో తెలియకపోవడం పడదు.

ఇంటి కుక్క ఈ లెక్కని కొంచెం మారుస్తుంది. మొదటిది, బయటికి వెళ్లడానికి ఒక కారణం ఉంటుంది. "పద, కాస్త గాలి పీల్చుకుందాం" అనే మాటకి ఈ పిల్లల్లో చాలామందికి అర్థం లేదు. "కుక్క ఒంటేలుకి వెళ్లాలి" అంటే సూటిగా అర్థమవుతుంది. రెండోది, కుక్క రోజూ అదే వేళకి తలుపు దగ్గర నిలబడుతుంది, అదే దారిలో అదే స్తంభం దగ్గర ఆగి వాసన చూస్తుంది. మనకి విసుగు పుట్టించే ఆ పద్ధతే పిల్లవాడికి ధైర్యం. మూడోది, కుక్క కళ్లలోకి చూసి జవాబు చెప్పమనదు. పక్కపక్కన నడిస్తే చాలు. నాలుగోది నేను తరచూ చూసేది: వీధిలోవాళ్ల చూపులు పిల్లవాడి మీద నుంచి కుక్క మీదికి పోతాయి. "దీని పేరేంటి?" అనే ప్రశ్నకి జవాబు చెప్పడం "నీ పేరేంటి?" కన్నా చాలామంది పిల్లలకి సులువు. మాట రాని పిల్లలైతే కుక్క పేరు రాసిన కార్డు చూపిస్తారు.

అయితే ఇదంతా దానంతట అదే జరగదు. కుక్కని తెచ్చిన మొదటి ఆదివారమే పిల్లవాడిని, కుక్కని కలిపి సంతకి తీసుకెళ్తే ఇద్దరూ బెదిరిపోతారు. మేం గుమ్మం దగ్గర మొదలుపెడతాం. కుక్కకి బెల్టు, గొలుసు వేసే పని పిల్లవాడిది. వేశాక అరుగు దాకా వెళ్లి వెనక్కి రావడమే. అది హాయిగా జరుగుతున్నప్పుడే గేటు, ఆ తరవాత వీధి చివర వేపచెట్టు. ఫోన్‌తో తలుపు, కుక్క, వేపచెట్టు, మళ్లీ ఇల్లు ఫోటోలు తీసి, స్టూడియోలో ప్రింటు వేయించి, వరసగా అట్ట మీద అంటించండి. బయల్దేరే ముందు వేలితో చూపించండి. వెనక్కి వచ్చేస్తానని పిల్లవాడు సైగ చేస్తే వచ్చేయండి. "ఇంకో నాలుగడుగులే నాన్నా" అని లాగితే, మర్నాడు వాడు గొలుసు ముట్టుకోడు.

కొందరు పిల్లలకి బరువు మోయడం, లాగడం కుదురునిస్తుంది, కండరాలకీ కీళ్లకీ ఒత్తిడి అందుతుంది గనక. వాళ్లకి చిన్న బ్యాగులో నీళ్ల సీసా, కుక్క గిన్నె పెట్టి భుజాలకి తగిలిస్తాను. పెద్ద కుక్క పిల్లవాడిని లాక్కుపోవడం మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది భుజానికి ప్రమాదం. శబ్దాలు భరించలేని పిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. రథయాత్ర రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్లో డీజేలు మోగుతున్నప్పుడు నడక మానేయండి. బాణసంచాకి కుక్క కూడా మంచం కింద దూరుతుంది.

గమ్యం పిల్లవాడి ఇష్టాన్ని బట్టి ఉండాలి. ఒక అబ్బాయికి రైళ్లంటే ప్రాణం. నౌపడ–గుణుపురం లైను ఇక్కడ పెద్ద రద్దీ లైనేమీ కాదు, రైలు వేళ ముందే తెలుస్తుంది. వాళ్ల నాన్న, కుక్క, ఆ అబ్బాయి పట్టాలకి బాగా దూరంగా ఉన్న చోటు దాకా నడిచి, రైలు చూసి వస్తారు. పార్కు అన్నా, తోట అన్నా కదలని పిల్లవాడు ఆ దారంతా నడుస్తాడు. వాళ్ల అమ్మ "ఏటి గట్టుకి తీసుకెళ్తే బావుంటుంది కదా మేడం, చల్లగా ఉంటుంది" అంది. బావుంటుంది, కానీ ఎవరికి?

అపోహ: కుక్క తోడుంటే పిల్లవాడు ఎటూ పోడు, అదే చూసుకుంటుంది.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన నమ్మకం. 2012లో అమెరికా పత్రిక పీడియాట్రిక్స్‌లో వచ్చిన సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒకసారైనా పెద్దవాళ్ల కన్నుగప్పి వెళ్లిపోయే ప్రయత్నం చేశారని తల్లిదండ్రులు చెప్పారు. వీళ్లలో చాలామందిని నీళ్లు లాగుతాయి. మనకి మహేంద్రతనయ ఉంది, వంశధార ఉంది, ఊరూరా చెరువు ఉంది. విదేశాల్లో ఇలాంటి పనికి నెలల తరబడి శిక్షణ ఇచ్చిన కుక్కలుంటాయి, వాటి పట్టీ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. మన ఇంటి టామీకి ఆ చదువు లేదు. పిల్లవాడి నడుముకి, కుక్క మెడకి తాడు కట్టడం లాంటి ప్రయోగాలు ఎప్పుడూ చేయొద్దు. పిల్లి కనబడితే కుక్క పరిగెడుతుంది.

కుక్కకి రెండు గొలుసులు వేయండి. ఒకటి పెద్దవాళ్ల చేతిలో, ఇంకోటి పిల్లవాడి చేతిలో. అసలు పట్టు పెద్దవాళ్లది, పిల్లవాడిది వదిలేసినా పర్వాలేదు. గేటుకి పై గడియ పెట్టించండి. పిల్లవాడి జేబులోనో బెల్టు మీదో పేరు, ఫోన్ నంబరు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంచండి. తప్పిపోతే ముందు వెతకాల్సింది నీళ్లున్న చోట.

అపోహ: కుక్క ఎంత చేసినా ఓర్చుకుంటుంది, పిల్లలంటే దానికి ప్రేమ.

వాస్తవం: ప్రేమ ఉన్నా ఓపికకి హద్దుంటుంది. బాగా తెలిసిన కుక్క కూడా పిల్లల్ని కరవొచ్చు. తోక ఊపితే సంతోషమే అనుకోకండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా పెదాలు నాక్కోవడం, ముఖం పక్కకి తిప్పుకోవడం, కంట్లో తెల్లగుడ్డు కనబడటం, ఒళ్లు బిగబట్టడం - ఇవన్నీ "చాలు" అని చెప్పడమే. ముఖకవళికలు చదవడం కష్టమైన పిల్లవాడికి ఇవి తెలియవు, పక్కనున్న పెద్దవాళ్లు చూడాలి. కుక్క గుర్రుమంటే కొట్టకండి. కొట్టిన కుక్క గుర్రుమనడం మానేసి, ఈసారి నేరుగా కరుస్తుంది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి పోకూడదన్నది బొమ్మ గీసి గోడకి అంటించండి. కుక్కకి ఎవరూ రాని మూల ఒకటి ఉండాలి. పిల్లవాడికి కూడా అలాంటి మూల కావాలి, అది వేరే విషయం.

అపోహ: రెండు భాషలు వింటే మాట అసలు రాదు. ఇంట్లో ఒకటే మాట్లాడాలి.

వాస్తవం: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా విన్నంత మాత్రాన ఆటిజం ఉన్న పిల్లలకి మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. మామ్మ భాష ఆపేస్తే మామ్మతో ఉన్న బంధమే తెగుతుంది. తికమకపడేది కుక్క! అమ్మ "కూర్చో" అని, నాన్న "సిట్" అని, పక్కింటాయన ఒడియాలో "బస" అని అంటే పాపం అది ఎవరి మాట వినాలి? కుక్కకి మాత్రం ఒక పనికి ఒకే మాట పెట్టుకోండి. అది పిల్లవాడు పలకగలిగే మాటై ఉండాలి. వాడు "కూ" అన్నా అది కూర్చునేలా నేర్పండి. ఇంట్లో తన మాటకి వెంటనే ఫలితం కనబడే చోటు పిల్లవాడికి అదే కావచ్చు. చేతి సైగ అయినా సరే.

అపోహ: మంచి జాతి కుక్కే కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. మన ఎండకి మన ఊరకుక్కే బాగా తట్టుకుంటుంది. చలి దేశాల జాతి హస్కీని కొన్నవాళ్లని చూశాను, ఏసీ గదిలో పడుకునే కుక్క పిల్లవాడిని బయటికేం తీసుకెళ్తుంది? జాతి కన్నా స్వభావం చూడండి. బుజ్జి కుక్కపిల్ల కన్నా రెండు మూడేళ్ల నెమ్మదైన కుక్క మేలు. కుక్కపిల్ల కొరుకుతుంది, గెంతుతుంది, సన్నగా అరుస్తుంది. ఈ మూడూ మన పిల్లలకి పడనివే. ఎండాకాలంలో అరచేతి వెనక భాగం రోడ్డు మీద అయిదారు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది, చెప్పులిప్పేసే అలవాటున్న మీ పిల్లవాడికీ కాలుతుంది.

అపోహ: ఇంటి కుక్కకి రేబీస్ రాదు.

వాస్తవం: వస్తుంది. మూడు నెలల వయసులో మొదటి టీకా, తరవాత బూస్టర్, ఆపైన ఏటా వేయించాలి. పశువుల ఆసుపత్రికి వెళ్లండి. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం పెట్టకండి. నొప్పి చెప్పలేని పిల్లవాడైతే రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా ఒకసారి చూడండి.

అపోహ: కుక్కని ఇంట్లోకి రానిస్తేనే ఫలితం.

వాస్తవం: పూజగది ఉన్న ఇంట్లో కుక్క తిరగకూడదనే మామ్మలతో నేను వాదించను. కుక్క వరండాలోనే ఉండొచ్చు. మనకి కావలసింది గుమ్మం అవతలి పని.

అపోహ: ప్రతి పిల్లవాడికీ కుక్క నచ్చుతుంది.

వాస్తవం: మొరగడం వింటేనే చెవులు మూసుకునే పిల్లలున్నారు, ఆ వాసన పడనివాళ్లున్నారు. అడ్వాన్సు ఇచ్చే ముందు, నెమ్మదైన కుక్క ఉన్న బంధువుల ఇంటికి సాయంత్రాలు వెళ్లి చూడండి. దూరంగా కూర్చుని చూసినా చాలు. పిల్లవాడు తనంతట తాను దగ్గరికి వెళ్తున్నాడా లేదా అన్నదే ప్రశ్న. రోజూ నడిపించేదీ, తిండి పెట్టేదీ పదేళ్లకి పైగా ఇంట్లో పెద్దవాళ్లేనని కూడా లెక్కేసుకోండి. సరిపడకపోతే కుక్కే అని పట్టు పట్టక్కర్లేదు. గుణుపురం దగ్గర ఒక పాప ఉంది. కుక్క అంటే భయం, ఆవంటే కాదు. పొద్దున్నే వాళ్ల తాతయ్యతో కలిసి పశువుల శాలకి గడ్డి మోసుకెళ్తుంది. ఫోటోల అట్ట అదే, మెల్లగా పెంచే దూరం అదే. కుక్క బొమ్మ ఉన్న చోట ఆవు బొమ్మ అంటించాం.