టేబుల్ ఫౌంటెన్: నింద పంపు మీద, తప్పు తొట్టిది

"పంపు కాలిపోయిందండీ, ఈసారి కాస్త పెద్దది ఇవ్వండి." టేబుల్ ఫౌంటెన్ల పనిలో ఉన్నవాళ్ళకి ఈ మాట విని విని చెవులు అరిగిపోయాయి. విప్పి చూస్తే చాలాసార్లు అందులో కాలిందేమీ ఉండదు. ఇంపెల్లర్‌కి (నీళ్ళని తోసే చిన్న రెక్కల చక్రానికి) జుట్టు చుట్టుకుని ఉంటుంది, లేదా బోరు నీళ్ళ సున్నం పట్టి షాఫ్టు (ఇరుసు) బిగుసుకుపోయి ఉంటుంది. నిజంగానే పోయిందా, అయితే నీళ్ళు లేకుండా గంటల తరబడి తిరిగి పోయి ఉంటుంది. ఈ రెండింటికీ పెద్ద పంపు మందు కాదు. పైగా పెద్దది వేస్తే నీళ్ళు ఇంకా తొందరగా అయిపోతాయి. ఈ ఒక్క సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. మిగతావి రెండేసి ముక్కల్లో తేలిపోతాయి.

అపోహ: పంపు ఎంత పెద్దదైతే ధార అంత అందం

బజార్లో దొరికే 18 వాట్ల కూలర్ పంపు పెట్టె మీద 1.8 మీటర్లు, ఆ దరిదాపు అంకె ఏదో ఒకటి ఉంటుంది. "ఆరడుగులు ఎక్కిస్తుందట" అని సంబరపడి కొంటారు. ఆ ఎత్తుకి చేరేసరికి ధార సున్నా అవుతుందనే ఆ అంకెకి అర్థం. అదే పంపుని అడుగున్నర ఎత్తు ఫౌంటెన్‌లో పెడితే మిగిలిన ఊపంతా నీళ్ళని బయటికి చిమ్మడానికే పనికొస్తుంది.

30, 40 సెంటీమీటర్ల ఎత్తున్న ఫౌంటెన్‌కి పైన గంటకి 180 నుంచి 300 లీటర్లు పడితే చాలు. కొలవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. పైపు చివరని అసలు పడాల్సిన ఎత్తులో పట్టుకుని లీటరు మగ్గు నింపండి. 12 నుంచి 20 సెకన్లలో నిండితే సరిపోయింది. అయిదారు సెకన్లకే నిండిందంటే అది బల్ల మీద పెట్టే పంపు కాదు. పంపు మూతి దగ్గర జరిపే చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది, ముందు దాన్ని తగ్గించి చూడండి. పైపుకి క్లిప్పు బిగించి తగ్గించినా ఈ రకం పంపుకి నష్టం లేదు.

ఇప్పుడు తొట్టి లెక్క. 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో నీళ్ళు ఒక్క మిల్లీమీటరు దిగితే 70 మిల్లీలీటర్లు పోయినట్టు. నాలుగు లీటర్లు పోస్తే లోతు అయిదున్నర సెంటీమీటర్లే వస్తుంది. పంపు నీళ్ళు పీల్చే చోటు అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, మీకు నిజంగా పనికొచ్చే నీళ్ళు రెండు లీటర్లే. ఎండాకాలంలో ఆవిరి కింద రోజుకి 5 మిల్లీమీటర్లు దిగినా 350 మిల్లీలీటర్లు పోతాయి. దానికి సీలింగ్ ఫ్యాను గాలి, చిమ్మే తుంపర్లు తోడైతే లీటరు దాకా వెళ్తుంది. శుక్రవారం రాత్రి నింపి ఊరెళ్ళి ఆదివారం వస్తే పంపు గరగరమంటూ ఉంటుంది. దీని మోటారుకి చుట్టూ ఉన్న నీళ్ళే చల్లదనం, ఇరుసు తిరిగే బుష్షుకి అవే నూనె. పొడిగా నాలుగు నిమిషాలు తిరిగినంత మాత్రాన పోదు. రాత్రంతా తిరిగితే మాత్రం బుష్షు అరిగిపోతుంది, మోటారు చుట్టూ పోసిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) వేడికి పగుళ్ళిస్తుంది. ఆ పగులు సంగతి కింద మళ్ళీ వస్తుంది.

అందుకే ముందు తొట్టి ఎంచుకోండి, పంపు చివర్లో. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పడతాయో, పడే చోటి నుంచి తొట్టి అంచు కనీసం అంత దూరం ఉండాలి. జానెడు ఎత్తు నుంచి పడితే అన్ని వైపులా జానెడు. అంత వెడల్పు కుదరకపోతే పడే చోట గులకరాళ్ళు నీటి మట్టానికి కొంచెం పైకి వచ్చేలా పేర్చండి, లేదా ధార నేరుగా దూకకుండా ఏటవాలు పలక మీదుగా జారేలా చేయండి.

తుంపర్లు లేకపోయినా నీళ్ళు మాయమవుతున్నాయంటారా? మూడు చోట్ల వెతకండి. మొదటిది, తొట్టి అంచు మీదుగా బయటికి వేలాడే కొబ్బరి పీచు, గోనె, కృత్రిమ గడ్డి. అలంకారానికని పెడతారు, అవి దీపపు వత్తిలా నీళ్ళు పీల్చి రాత్రికి రాత్రి బల్ల మీద కారుస్తాయి. రెండోది, ధార పడే పలక అంచు. నీళ్ళు అంచు నుంచి కిందికి దూకకుండా పలక అడుగు పట్టుకుని వెనక్కి పాకి బయట కారతాయి. సన్‌షేడ్ అడుగున మేస్త్రీ గీసే గాడి లాంటిదే పలక అడుగున, అంచుకి సెంటీమీటరు లోపలగా ఒకటి గీయండి. లేదా సిలికాన్‌తో సన్నటి గట్టు వేయండి. అక్కడితో ఆగిపోతుంది. మూడోది మట్టి తొట్టి. కుండలో నీళ్ళు చల్లబడేది కుండ చెమర్చడం వల్లే కదా, తొట్టి కూడా అలాగే చెమర్చి కింద బల్లని పాడుచేస్తుంది. లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేసి, డబ్బా మీద రాసినంత సమయం ఆరనివ్వాలి. సాయంత్రం పూసి పొద్దున నీళ్ళు పోసి "కారుతోంది" అంటే ఎవరేం చేస్తారు? సిలికానూ అంతే, 24 గంటలు తాకకూడదు.

పైపుకి మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శక గొట్టం సరిపోతుంది. బిగుతుగా ఉంటే చివరని వేడి నీళ్ళలో అర నిమిషం ముంచి తొడగండి. వెలుతురు తగిలితే లోపల పాచి పడుతుంది కాబట్టి కనిపించే భాగానికి నల్ల గొట్టం మేలు. అన్నీ బిగించాక ఫౌంటెన్ తిరుగుతుండగానే నీళ్ళు నింపి, పంపు రెండు వేళ్ళ లోతు మునిగాక తొట్టికి గుర్తు పెట్టుకోండి. తర్వాత స్విచ్ ఆపి చూడండి. ఫౌంటెన్ పై అంతస్తుల్లో, పైపులో ఉన్న నీళ్ళన్నీ కిందికి దిగుతాయి. అప్పుడు పొంగితే తొట్టి చిన్నదన్నమాట. నీళ్ళు తగ్గించి సర్దుకోకండి, తొట్టి మార్చండి.

ఇంకొకటి. కొత్తగా నింపాక పంపు మూలుగుతూ నీళ్ళు ఎక్కించకపోతే అది చెడిపోయినట్టు కాదు. లోపల గాలి ఇరుక్కుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, నీళ్ళలోనే పంపుని పక్కకి వంచి బుడగలు పోనివ్వండి.

అపోహ: నీళ్ళలో పెట్టే పంపే కదా, షాక్ కొట్టదు

ఇది డబ్బు పోయే అపోహ కాదు, ప్రాణం పోయేది. పంపు లోపలి తీగ చుట్టలు ఎపాక్సీలో ముంచి ఉంటాయి, ఆ మాట నిజమే. కానీ పొడిగా తిరిగి ఎపాక్సీ పగిలితే, ఎలుక వైరు కొరికితే, వైరు పొట్టిగా ఉందని మధ్యలో కోసి టేపు చుట్టి నీళ్ళ పక్కన పడేస్తే, ఆ నిజం అక్కడితో సరి. ఈ ప్లాస్టిక్ పంపుల్లో చాలావాటికి రెండు పిన్నులే, ఎర్తు ఉండదు. దాన్ని ఇత్తడి ఉర్లిలో పెడితే, లీకైన రోజున ఉర్లి మొత్తానికి కరెంటు వస్తుంది, ఎవరో ముట్టుకునే దాకా ఏ స్విచ్చూ పడిపోదు. "ఎంసీబీ ఉందిగా" అంటారు. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్చు. ఇంట్లో అది లేకపోతే ముందు దాన్ని పెట్టించుకుని తర్వాత ఫౌంటెన్ మాట ఆలోచించండి.

పిల్లలున్న ఇంట్లో, లోహపు పాత్రలో, 230 వోల్టుల పంపు అసలు వద్దు. 12 వోల్టుల డీసీ పంపు, 1 ఆంపియర్ అడాప్టర్ తీసుకోండి. 5 వాట్ల పంపుకి అర ఆంపియర్ కూడా పట్టదు, కాబట్టి ఒక ఆంపియర్ ధారాళం. అడాప్టర్ నీళ్ళకి దూరంగా, తొట్టి కంటే ఎత్తులో ఉండాలి. వైరు ప్లగ్గుకి చేరేముందు కిందికి ఒక వంపు తిరగాలి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

ఇదంతా చదివి ఉన్న ఫౌంటెన్‌ని అటక మీద పెట్టేయకండి. పై జాగ్రత్తలు తీసుకుంటే భయం అక్కర్లేదు.

అపోహ: తెల్ల మరక పడితే నిమ్మ ఉప్పు వేస్తే సరి

పంపుకైతే సరే. లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పంపు ముందువైపు మూత తీసి రోటరు (ఇంపెల్లర్ ఉన్న తిరిగే ముక్క) బయటికి లాగి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. బోరు నీళ్ళయితే పదిహేను రోజులకోసారి. కానీ అదే నీళ్ళు తాండూరు బండ మీదో, కడప నల్ల బండ మీదో, పాలరాయి మీదో పోస్తే మెరుపు పోయి రాయి గరుకెక్కుతుంది. అవన్నీ సున్నపు జాతి రాళ్ళు, పులుపు తగిలితే కరుగుతాయి. గ్రానైట్‌కి ఆ ఇబ్బంది లేదు. అసలు మరకే పడకూడదంటే రోజూ తగ్గిన మేరకు ఆర్‌వో నీళ్ళు పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. బోరు నీళ్ళు పోస్తూ పోతే అవి పెరుగుతూనే ఉంటాయి. వాసన పోవాలని డెటాల్, ఫినాయిల్ పోయకండి, నురగ తప్ప ప్రయోజనం ఉండదు. బ్లీచింగ్, నిమ్మ ఉప్పు ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

మిగతా పుకార్లు

గది చల్లబడుతుందా? పడదు. 350 మిల్లీలీటర్లు రోజంతా ఆవిరైతే తీసుకుపోయే వేడి సగటున 10 వాట్లు. రోజంతా తిరిగే 18 వాట్ల పంపు గదిలోకి వదిలే వేడి 18 వాట్లు. కరెంటు బిల్లు పెరుగుతుందా? అదే పంపు రోజుకి పది గంటలు తిరిగినా నెలకి అయిదున్నర యూనిట్లు దాటదు. రాత్రి ఆపితే పంపు చెడిపోతుందా? చెడిపోదు. ఈశాన్యంలోనే పెట్టాలా? అది మీ ఇష్టం, మీ సిద్ధాంతి గారి ఇష్టం. కిటికీ ఎండ, ఫ్యాను గాలి నేరుగా తగలని చోటు చూసుకోండి, నాకు కావాల్సింది అంతే.

దోమల భయం

ఇది పుకారు కాదు, కాస్త నిజం ఉంది. పారే నీళ్ళలో దోమ గుడ్లు పెట్టదనుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళకీ, ఫౌంటెన్ అంటేనే డెంగీ అని వణికేవాళ్ళకీ కలిపి చెప్తున్నాను. సాయంత్రం రెండు గంటలు తిప్పి ఆపేస్తే మిగతా ఇరవై రెండు గంటలూ అది నిలవ నీరే. డెంగీ దోమ గుడ్లని నీటి మట్టానికి కాస్త పైన, తొట్టి గోడకి అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే చాలదు, గోడని పీచుతో రుద్దాలి. మన వేడికి గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి కడిగితే ఆ గొలుసు తెగుతుంది. శుక్రవారం డ్రై డే (నిలవ నీళ్ళన్నీ పారబోసి ఆరబెట్టే రోజు) అని ఆరోగ్య శాఖ చెప్పేదీ ఇందుకే, కూలర్‌తో పాటు దీన్నీ ఆ రోజే కడిగేయండి.

రెండు మూడు రోజులకి మించి ఊరెళ్తుంటే ప్లగ్ పీకి, నీళ్ళన్నీ వంచేసి, గోడలు రుద్ది తుడవండి. గులకరాళ్ళు ఒక పళ్ళెంలో ఆరబెట్టండి. పంపు మూత తీసి, రోటరుని విడిగా తుడిచి, ఆరాక రెండూ ఒకే కవర్లో పెట్టండి. రోటరు ఎక్కడో పడేసి పంపు ఒక్కటే పట్టుకొచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ సైజు రోటరు విడిగా దొరకడం కష్టం.