జవాబు ముందే తెలిసిన ప్రాక్టికల్

డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో మేం టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా ఇంకోదాంట్లో కలిపి దాని గాఢత తేల్చే ప్రయోగం) చేసిన తీరు చెబితే సగం కథ చెప్పినట్టే. సీనియర్ల రికార్డులో ఫలితం చూసుకునేవాళ్లం. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి, చుక్కలు వదిలే కొలత గొట్టం బ్యూరెట్ రీడింగులు వేసేవాళ్లం. రెండు రీడింగులు కలిస్తే చాలు కాబట్టి మూడోది 0.1 మి.లీ. తేడాతో రాసేవాళ్లం, నిజంగా చేసినట్టు కనిపించాలి కదా! ఒక్క చుక్కతో ఫ్లాస్కంతా గులాబీ రంగుకి ఎందుకు తిరుగుతుందని ఎవరమూ అడగలేదు. అడిగినా దానికి మార్కుల్లేవు.

విద్యార్థే ప్రశ్న వేసుకుని వెతికి తెలుసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. మాట కొత్తదేం కాదు. లండన్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1880ల్లోనే దీనికోసం వాదించాడు. 1960ల్లో షికాగో యూనివర్సిటీకి చెందిన జోసెఫ్ ష్వాబ్ ల్యాబు పనిని మెట్లుగా విడదీశాడు. మొదటి మెట్టులో ప్రశ్నా, పద్ధతీ మాన్యువలే ఇస్తుంది, జవాబు మాత్రం విద్యార్థి కనుక్కోవాలి. తర్వాతి మెట్టులో పద్ధతి కూడా అతనిదే. పై మెట్టులో ప్రశ్న సైతం అతనే వేసుకోవాలి. మా టైట్రేషన్‌కు మొదటి మెట్టు కూడా అందలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మెడికల్ విద్యార్థులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ముందు రోగి సమస్య చేతికిచ్చింది. చదవాల్సింది దాన్నిబట్టి వాళ్లే తేల్చుకోవాలి.

తమాషా ఏమిటంటే, మనకూ నమూనా లండన్ నుంచే వచ్చింది, కానీ వచ్చింది పరీక్ష. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలను అప్పటి లండన్ యూనివర్సిటీ పద్ధతిలో పెట్టారు. పాఠం చెప్పేది కాలేజీ, పేపరు పెట్టి డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. కోస్తా కాలేజీలు 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చేదాకా మద్రాసు పేపర్లకే చదివాయి. ఆంధ్రా వచ్చాకా అనుబంధ కాలేజీల పద్ధతి పోలేదు. తాను అడగని ప్రశ్నలకు పిల్లల్ని తయారుచేసే లెక్చరర్, క్లాసులో కొత్త ప్రశ్నకు ఒక గంట ఎలా ఇస్తాడు? నన్నడిగితే అసలు చిక్కుముడి ఇదే. బద్ధకం, ల్యాబు సామాను కొరత దాని తర్వాతే.

దేశ విద్యను సమీక్షించిన కొఠారి కమిషన్ 1966లో అటానమస్ కాలేజీలు, అంటే తమ పేపరు తామే పెట్టుకునే కాలేజీలు, కావాలంది. 1978లో తమిళనాడులో మొదలయ్యాయి. ఈమధ్య తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' పేరుతో విద్యార్థి ప్రాజెక్టుల పోటీలు, ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చాయి. అటానమస్ కాని కాలేజీలకు సెమిస్టర్ చివర థియరీ పేపరు మాత్రం ఇప్పటికీ యూనివర్సిటీ నుంచే వస్తుంది.