బేస్‌బాల్‌లో పౌచ్‌ల గొడవ: 2011లో అసలేం ఒప్పుకున్నారు?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాళ్లు పెదవి కింద పెట్టుకుంటున్న తెల్లటి నికోటిన్ పౌచ్‌ల మీద మళ్లీ రచ్చ మొదలైంది. పొగాకు నిషేధం అన్నారు కదా, ఇదేంటని కొందరు. ఇందులో ఆకే లేదు కదా, మీకేంటి బాధ అని ఇంకొందరు. వందేళ్ల కిందట దుమ్ము మైదానాల్లో నోరు ఎండిపోకుండా ఆకు నమలడం, ఆ ఉమ్మి గ్లవ్‌కి రాసి మెత్తబరచడం, ఆ పాత కథంతా ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నా. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2011 నవంబర్‌లో లీగ్‌కీ ఆటగాళ్ల యూనియన్‌కీ కుదిరిన ఒప్పందం.

పొగాకు గురించి అందులో రాసుకున్నవి ఇవి. స్టేడియంలో జనం ఉన్నంతసేపూ పొగాకు డబ్బా యూనిఫాంలో పెట్టుకోకూడదు (వెనక జేబు మీద గుండ్రంగా కనిపించే ఆ అచ్చు అక్కడ పిల్లలకి కూడా తెలుసు). టీవీ ఇంటర్వ్యూ ఇస్తున్నప్పుడు, అభిమానుల్ని కలుస్తున్నప్పుడు నోట్లో పొగాకు ఉండకూడదు. క్లబ్బులు ఆటగాళ్లకి డబ్బాలు తెప్పించి పెట్టకూడదు. నోటి పరీక్షలు చేయిస్తారు, మానేయాలనుకునేవాళ్లకి సాయం చేస్తారు. మరి ఆట నడుస్తుండగా, కెమెరా మొహం మీదే ఉండగా, పెదవి కింద పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు.

అంటే జేబు శుభ్రం చేశారు, నోటి జోలికి పోలేదు. లీగ్ అడిగింది పూర్తి నిషేధం, యూనియన్ ఇచ్చింది మాత్రం ఇమేజ్‌ని కాపాడేంతవరకే.

తెలియక చేశారనడానికి వీల్లేదు. 2010 ఏప్రిల్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి సరిగ్గా దీని మీదే విచారణ పెట్టింది. అదే ఏడాది అక్టోబర్‌లో టోనీ గ్విన్ తనకి లాలాజల గ్రంథి క్యాన్సర్ వచ్చిందని బయటపెట్టాడు. గ్విన్ అంటే శాన్ డియేగో పాడ్రెస్‌కి 20 సీజన్లు ఆడి, 3,141 హిట్లు కొట్టి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో 8 సార్లు అత్యుత్తమ బ్యాటింగ్ సగటు సాధించినవాడు. ఇన్నేళ్ల పొగాకు వల్లే వచ్చిందని తనకి గట్టి నమ్మకమని ఆయనే చెప్పుకున్నాడు. (ఆ రకం క్యాన్సర్‌కీ పొగాకుకీ సూటి సంబంధం నోటి క్యాన్సర్ విషయంలో తేలినంత గట్టిగా తేలలేదు, ఆ మాట కూడా చెప్పాలి.) కాలేజీలో ఆయన దగ్గర ఆట నేర్చుకున్న పిచర్ (బంతి విసిరేవాడు) స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ ఆ వార్త విని తనూ మానేయడానికి ప్రయత్నించాడు, అంత తేలిగ్గా వదల్లేదు. 2011 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్ పోరు) ముందు కొందరు సెనేటర్లు యూనియన్‌కి ఉత్తరం రాశారు, పిల్లలు చూస్తున్నారు, మైదానంలో పూర్తిగా ఆపేయమని. నెల తిరిగేసరికి వచ్చింది ఈ జేబు నిబంధన.

యూనియన్ వాదన ఏమిటంటే, ఇది చట్టం అనుమతించిన వస్తువు, వాడేది పెద్దవాళ్లు, హానికరమని వాళ్లకీ తెలుసు, కాబట్టి పూర్తి నిషేధం సరికాదని.

యూనియన్ లేనిచోట ఇదే లీగ్ ఏం చేసిందో చూడండి. 1993లోనే మేజర్ లీగ్‌కి కింది మెట్టైన మైనర్ లీగ్స్‌లో పొగాకు మొత్తంగా నిషేధించారు. బస్సుల్లో తిరుగుతూ చిన్న జీతాలకి ఆడే ఆ కుర్రాళ్లకి అప్పట్లో యూనియన్ లేదు, 2022 దాకా రాలేదు, అందుకే వాళ్లని అడగాల్సిన పనిలేకుండా ఒక్క ఉత్తర్వుతో జరిమానాలు పెట్టేశారు. అప్పట్లో అదే కుర్రాడు మేజర్ లీగ్‌కి ప్రమోషన్ కొట్టగానే డబ్బా తెరుచుకోగలిగేవాడు. ఆరోగ్యమే లెక్క అయితే జీతం పెరిగిన రోజున అది ఎలా మారుతుంది? కాకపోతే లీగ్‌ని మాత్రమే అనడం కూడా తప్పే, మేజర్ ఆటగాళ్ల మీద ఏకపక్షంగా రుద్దే అధికారం దానికి లేదు, ఏదైనా బేరంలో సంపాదించుకోవాల్సిందే.

ఆ బేరాల బయట నిలబడి మాట్లాడినవాళ్లలో ఒకరు బిల్ టటిల్. 1950లలో డెట్రాయిట్‌కి ఆడిన అవుట్‌ఫీల్డర్. 1993లో నోటి క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్ మీద ఆపరేషన్ చేసి దవడలో, బుగ్గలో భాగాలు తీసేశారు. ఆ మొహంతోనే ఆయన, పాత క్యాచర్, టీవీ వ్యాఖ్యాత జో గరజియోలాతో కలిసి ప్రాక్టీస్ శిబిరాలకి తిరిగి కుర్రాళ్ల ముందు నిలబడ్డాడు. 1998లో చనిపోయాడు. కెమెరాకి కనిపించకుండా వాడుకోండని ఆయన ఎవరికీ చెప్పలేదు.

2014 జూన్‌లో గ్విన్ 54 ఏళ్లకే పోయాడు. రెండు నెలలకే మాజీ పిచర్ కర్ట్ షిల్లింగ్ తనకి నోటి క్యాన్సర్ అని చెప్పాడు, 30 ఏళ్లు నమిలిన పొగాకే కారణమన్నాడు. అప్పుడు కదిలింది లీగ్ కాదు, నగరాలు. శాన్ ఫ్రాన్సిస్కో 2015లో స్టేడియాల్లో పొగలేని పొగాకు నిషేధిస్తూ చట్టం చేసింది, తర్వాత బోస్టన్, లాస్ ఏంజెలెస్, షికాగో, న్యూయార్క్. బోస్టన్‌లో జరిమానా 250 డాలర్లు. కోట్లలో జీతం తీసుకునే పిచర్‌కి అది టిప్ కింద కూడా రాదు, పైగా ఎవరు ఎవరి నోరు తెరిచి చూస్తారు? జనం బీరు తాగుతూ చూస్తుంటే మాకు మాత్రం ఆంక్షలా అని అప్పట్లో ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ ప్రశ్నలో పస లేకపోలేదు గానీ, దానికి టటిల్ దగ్గర జవాబుంది.

నగరాలు ఇలా తోసుకొచ్చాక 2016 డిసెంబర్ ఒప్పందంలో లీగ్, యూనియన్ మధ్యేమార్గం పట్టాయి. అప్పటిదాకా మేజర్ లీగ్‌లో ఒక్క రోజైనా ఆడినవాళ్లకి మినహాయింపు, కొత్తగా వచ్చేవాళ్లకి నిషేధం. పాతవాళ్లు రిటైర్ అవుతూ పోతే అలవాటు దానంతటదే పోతుందని లెక్క.

డిప్ (పెదవి కింద పెట్టుకునే తడి పొగాకు) మటుకు నిజంగానే తగ్గింది. దాని చోటులోకి వచ్చింది పౌచ్. జిన్ (Zyn) లాంటి బ్రాండ్ల పౌచ్‌లో పొగాకు ఆకు ఉండదు, నికోటిన్ ఉంటుంది, అమెరికాలో ఒక్కోదానిలో 3 లేదా 6 మిల్లీగ్రాములు. ఉమ్మాల్సిన పనిలేదు, బుగ్గ ఉబ్బదు, పళ్ల మీద నల్లటి తుక్కు ఉండదు. ఖైనీ వేసేవాళ్లని చూసినవాళ్లకి తేడా ఇట్టే తెలుస్తుంది. కనిపించకపోతే చాలని 2011లో రాసుకున్న నిబంధనకి ఇంతకన్నా బాగా సరిపోయే సరుకు ఎవరూ తయారుచేయలేరు.

పౌచ్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 20 రకాల జిన్ అమ్మకానికి అనుమతివ్వడాన్ని చూపిస్తారు. సిగరెట్ల కన్నా, చాలా రకాల నమిలే పొగాకు కన్నా హానికర పదార్థాలు వీటిలో బాగా తక్కువని ఆ సంస్థ అన్నమాట నిజమే. అనుమతి ఇచ్చినంత మాత్రాన సురక్షితమని అర్థం కాదని, వాడనివాళ్లు మొదలుపెట్టొద్దని కూడా అదే సంస్థ అంది, ఆ రెండో ముక్క డగౌట్ దాకా చేరినట్టు లేదు. డిప్ మానడానికి పౌచ్ పట్టుకున్న ముప్పై ఐదేళ్ల ఆటగాడి సంగతి వేరు, డిప్ ఎప్పుడూ ముట్టకుండా నేరుగా పౌచ్‌తో మొదలుపెట్టే ఇరవై ఏళ్ల కుర్రాడి సంగతి వేరు. పిల్లల కళ్లెదుట ఉండేది ఎక్కువగా ఆ రెండోవాడే.

ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఓనర్లు జీతాలకి పరిమితి అడుగుతారని, యూనియన్ ఒప్పుకోదని అందరూ అనుకుంటున్నారు, పెద్ద పోరంతా దాని మీదే. ఆ గదిలో లీగ్ తరఫున ఎవరైనా పౌచ్ సంగతి ఎత్తితే యూనియన్ ముందుగా అడిగేది ఒకటే ఉంటుంది: దీనికి బదులు మాకేం ఇస్తారని.