కొత్తనీళ్లొచ్చినప్పుడు చేపకి దారియ్యాలె

మాది సిరొంచ దిక్కు, గడ్చిరోలి జిల్లా, బడిల మరాఠీ ఇంట్ల తెలుగు. మృగశిర దాటినంక మొదటి పెద్దవాన పడ్డ తెల్లారి మా వాగు మీదున్న బంధారా, అంటే పలకలు వెట్టి నీళ్లాపే చిన్న అడ్డుకట్ట, కాడికి పోయిన. ఇనుప పలకలు ఇంకా తియ్యలే. పైనుంచి నీళ్లు పలుచగ జారుతున్నయి, కింద గచ్చు మీద జానెడు నీళ్లల్ల జెల్లలు, పరకలు, మూరెడు వాలుగ ఒకటి, గోడకి మూతి కొట్టుకుంట తిరుగుతున్నయి. వాలుగ పొట్ట గుడ్లతోని ఉబ్బి ఉంది. పిల్లలు గంపలతోని ఎత్తుకుంటున్నరు. మామ అన్నడు, "అవి గుడ్లు పెట్టవోతున్నయి అల్లుడా, మనం మధ్యల గోడ వెట్టినం."

ఇదే గోడ కథ అమెరికాల ఎల్వా అనే నదిల పెద్దగ నడిచింది. అక్కడ 1913ల ఒక డ్యామ్, 1927ల దానికి ఎగువన 64 మీటర్ల ఎత్తుది ఇంకోటి కట్టిన్రు, సముద్రం నుంచి ఎదురెక్కే సాల్మన్, ట్రౌట్ చేపలకి కింద ఎనిమిది కిలోమీటర్లే మిగిలింది. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు, శుభ్రమైన గులకరాళ్లు కావాలె. ఆడచేప పక్కకి ఒరిగి తోకతోని గులకని కొట్టి గుంత చేస్తది, గుడ్లు పెట్టి మళ్ల గులకతోనే కప్పుతది, రాళ్ల సందుల్లకెళ్లి నీళ్లు పారుతుంటేనే గుడ్డుకి ఆక్సిజన్ అందుతది, ఒండ్రు పేరుకుంటే అక్కడికక్కడే చస్తయి. 2011 నుంచి 2014 దాక రెండు డ్యాములూ కూలగొట్టిన్రు. నన్ను కదిలించింది ఏందంటే, సముద్రానికి పొయ్యొచ్చే స్టీల్‌హెడ్ అనే చేప వేరే జాతి గాదు, రెయిన్‌బో ట్రౌటే. వందేండ్లు డ్యామ్‌కి ఎగువన చిక్కుకపోయిన ట్రౌట్‌లల్ల ఆ ప్రయాణం గుణం చావలేదు, దారి తెరుచుకున్నంక వాటి సంతతిల స్టీల్‌హెడ్ మళ్ల కనవడ్డయి.

అట్లని చేపలు డ్యామ్ ఎక్కేతందుకు వాళ్లు కట్టే మెట్లు తెచ్చి మన దగ్గర కడితే పనిచెయ్యయి. అవి ఎగిరే చేపల కోసం కట్టినయి, మన పులస ఎగరది. ధవళేశ్వరం కాడ 1852ల ఆనకట్ట పూర్తయింది, ఇయ్యాల్టికీ పులస అక్కడిదాకనే. ఇదే చేపని గంగ దిక్కు ఇలిస అంటరు, అలహాబాద్ దాక పోయేది, 1975ల ఫరక్కా బ్యారేజీ వచ్చినంక కిందనే ఆగింది. ఇసొంటి చేపలకి వాలు తక్కువున్న పక్కకాలువ కావాలె, దాని మూతి కాడ నీళ్ల జోరు చేపని పిలిచేటట్టు ఉండాలె, లేకపోతే కోట్లు పెట్టి కట్టినా చేప గేటు కాడనే తిరుగుతది. గేటు కొంచెమే ఎత్తినా లాభం లేదు, కిందికెళ్లి తన్నుకొచ్చే నీళ్లకి ఏ జెల్లా ఎదురీదలేదు.

హ్యాచరీల పుట్టించిన చేపపిల్లలని వదులుతున్నరు గదా, ఇంక దారెందుకు అంటరు. 1957ల ఒడిశా అంగుల్‌ల హీరాలాల్ చౌధురి అనే చేపల శాస్త్రవేత్త ఇంజక్షన్‌తోని చేపలతో గుడ్లు పెట్టించిండు, అది నిజంగ గొప్ప పని, చెరువుల్ల బొచ్చె, రోహు నిండింది దానివల్లనే. కానీ మలుగుపాము, అదే ఇంగ్లీషుల ఈల్, గుడ్లు పెట్టేది సముద్రంల, దాని పిల్లలు నది పట్టుకుని పైకి రావాలె. అవి తడిసిన గోడ మీద కూడ పాకుతయి, న్యూజిలాండ్‌ల కల్వర్టులు, చిన్న అడ్డుకట్టల కాడ తాళ్లు వేలాడేస్తే, తడిసిన తాడు పట్టుకుని ఈల్ పిల్లలు ఎక్కుతయి. ఒక తాడు!

మన కేటీ (కొల్హాపూర్ టైపు) బంధారాకి ఆ తాడు ఖర్చు కూడ లేదు. పలకలు వానలు అయిపోయినంక పెట్టాలె, వానలు మొదలుగాకముందే తియ్యాలె, కట్టిన పద్ధతే అది. వారం ఆలస్యం చేస్తే ఆ ఏడాది గుడ్లు గంపల్లకి పోతయి, పూడిక కూడ పైన్నే ఆగుతది.

ఆ పొద్దుగాల మామ గడ్డపార తెచ్చిండు. పైపలక నుంచి మొదలువెట్టి రెండు స్తంభాల నడుమ ఒక ఖానా ఖాళీ చేసేసరికి మా చేతులు బొబ్బలెక్కినయి. పిల్లలు గంపలు పక్కకి వెట్టి చూస్తున్నరు. నీళ్లు ఎర్రగున్నయి, వాలుగ పోయిందో లేదో కనవడలే. జెల్లలు మాత్రం గోడ వారకి ఆనుకొని ఒకదాని ఎన్క ఒకటి ఎక్కినయి.